ఖర్చుకూ ఇన్‌కరే, కోపానికీ ఇన్‌కరే: ఒక ఇంగ్లీషు క్రియను లొంగదీసుకునే పద్ధతి

బ్యాంకు నోటీసులో, టీఏ బిల్లు కింద పెట్టే ధ్రువీకరణలో, భాగస్వామ్య దస్తావేజులో, ఎన్నికల ఖర్చు లెక్కల్లో, ఆరోగ్య బీమా కాగితాల్లో తరచూ ఎదురయ్యే ఇంగ్లీషు క్రియ ఒకటుంది. ఇన్‌కర్ (incur). మాటల్లో దాన్ని ఎవరూ వాడరు. నెల్లూరు ట్రంకు రోడ్డు మీద ఎంత ఇంగ్లీషు దంచేవాళ్లయినా "పెట్రోలుకు వెయ్యి ఇన్‌కర్ చేశా" అనరు. కాగితం మీదకొచ్చేసరికి మాత్రం దాన్ని తప్పించుకోవడం కష్టం. చదివేటప్పుడు అర్థమైనట్టే ఉంటుంది. మనమే రాయాల్సి వస్తే చెయ్యి ఆగిపోతుంది.

నిఘంటువు తెరిస్తే పొందు, లోనగు, గురియగు లాంటి అర్థాలు కనిపిస్తాయి. "ఖర్చును పొందాను" అని ఏ తెలుగువాడూ అనడు. "జరిమానాకు లోనయ్యాను" అన్నా ఎక్కడో బెసుకుతుంది. నిఘంటువును తప్పుపట్టి లాభం లేదు. ఈ క్రియకు తెలుగులో సరిపడే ఒకే ఒక్క మాట లేదు. పక్కన ఏ నామవాచకం ఉందో చూస్తే తప్ప అర్థం తేలదు. కాబట్టి ఒక్క అర్థం బట్టీపట్టే పద్ధతి వదిలేసి, కింద చెప్పిన వరుసలో వెళ్లండి. గ్రూప్స్‌కు చదివేవాళ్లకూ, ఆఫీసులో నోట్ ఫైళ్లు రాసేవాళ్లకూ, రొయ్యల లెక్కలు చూసుకునేవాళ్లకూ ఇదే వరుస పనికొస్తుంది.

మొదటి మెట్టు: పుట్టిల్లు చూసి రండి

లాటిన్‌లో కురెరే అంటే పరుగెత్తడం. దానికి ముందు ఇన్ చేరితే ఇన్‌కురెరే, అంటే పరుగున పోయి దేన్నో గుద్దుకోవడం, మీద పడటం. ఇంగ్లీషువాళ్లు ఈ మాటను దాదాపు 600 ఏళ్లుగా వాడుతున్నారు.

ఈ కురెరే సంతానం మన ఇళ్లలో చాలానే ఉంది. కంప్యూటర్ తెర మీద గెంతే కర్సర్ అంటే అసలు అర్థం పరుగెత్తేవాడు. తీగలో పారేది కరెంటు. చేతులు మారుతూ పారేది కరెన్సీ. కొరియర్, కోర్సు, కారిడార్, చివరికి పిల్లల్ని బడివాళ్లు మైపాడు బీచికి తీసుకెళ్లే ఎక్స్‌కర్షన్ కూడా ఆ ఇంటివే. సరిహద్దు దాటి చొరబడ్డారని పేపర్లో వచ్చే ఇన్‌కర్షన్ అయితే మన క్రియకు సొంత తోబుట్టువు. అందులో దాడి అర్థం ఇంకా పచ్చిగానే ఉంది.

ఈ పరుగు బొమ్మ గుర్తుంటే సగం పని అయిపోయినట్టే. ఇన్‌కర్‌లో మనం చేసిన పని ఒకటి ఉంటుంది, దాని వెంట వచ్చి మన మీద పడే ఫలితం ఒకటి ఉంటుంది. ఫలితం మనం కోరి ఉండకపోవచ్చు. అయినా అది పడేది మన నెత్తినే. తెలుగులో దీనికి అతి దగ్గరగా వచ్చే పలుకుబడి "కొని తెచ్చుకోవడం". శత్రుత్వం కొని తెచ్చుకున్నాడు, లేనిపోని తలనొప్పి కొని తెచ్చుకున్నాడు అంటామే, అదే.

అయితే ఒక జాగ్రత్త ఉంది. కొని తెచ్చుకోవడంలో "వాడికి బుద్ధి లేదు" అనే ఎత్తిపొడుపు ఉంటుంది. ఇన్‌కర్‌లో అది తప్పనిసరి కాదు. వరదకు కూలిన ప్రహరీ కట్టించుకున్నవాడు కూడా ఖర్చును ఇన్‌కర్ చేసినవాడే. అందులో వాడి తప్పేమీ లేదు. కోపం, అపకీర్తి, జరిమానా లాంటివి పక్కన ఉన్నప్పుడే ఎత్తిపొడుపు వస్తుంది.

ఇన్‌క్యూరబుల్ అనే మాటతో మాత్రం దీన్ని కలపకండి. మొదటి అయిదు అక్షరాలు ఒకటే కావడంతో చాలామంది చుట్టరికం కలిపేస్తారు. నయంకానిది అని చెప్పే ఆ మాటలో ఇన్ అంటే లేనిది, కానిది. ఇక్కడ ఇన్ అంటే మీదకు, లోనికి. రెంటి లాటిన్ మూలాలూ వేరు.

రెండో మెట్టు: కర్మను బట్టి తెలుగు మార్చండి

ఇన్‌కర్ సకర్మక క్రియ. కర్మ లేకుండా అది నిలబడదు. (ఫలితాల గురించి చెప్పే క్రియకు కర్మ తప్పదనడం మన వ్యాకరణానికే దొరికిన చమత్కారం.) అందుకే వాక్యంలో ఇన్‌కర్ కనబడగానే దాని మీద నుంచి కళ్లు తీసేసి, ఏమిటి ఇన్‌కర్ అయింది అని చూడండి. ఆ మాటకు తెలుగులో మామూలుగా ఏ క్రియ వాడతామో అదే ఇక్కడ అర్థం.

డబ్బుతో మొదలుపెడదాం. "ది పంచాయత్ ఇన్‌కర్డ్ హెవీ ఎక్స్‌పెండిచర్ ఆన్ వాటర్ ట్యాంకర్స్." కనిగిరి, పొదిలి వైపు వేసవిలో ఇలాంటి వాక్యం ఏదో ఒక ఫైల్లో తప్పకుండా ఉంటుంది. "పంచాయతీకి నీళ్ల ట్యాంకర్ల మీద బాగా ఖర్చయింది" అంటే సరిపోయింది. ఇంగ్లీషులో కర్తగా కూర్చున్న పంచాయత్, తెలుగులోకి రాగానే "పంచాయతీకి" అయింది. ఇన్‌కర్ వాక్యాలు తెలుగులో కుదరాలంటే ఈ కి, కు ప్రత్యయాలే చాలాసార్లు దారి చూపిస్తాయి. "పంచాయతీ ఖర్చును భరించింది" అని రాయవచ్చు కానీ, భరించడం వేరే సంగతి. ఖర్చు ఒకరికి అవుతుంది, భరించేది ఇంకొకరు కావచ్చు. పెళ్లి ఖర్చు విషయంలో ఈ తేడా మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

నష్టం అయితే నష్టపోవడం. "ఆక్వా ఫార్మర్స్ ఇన్‌కర్డ్ లాసెస్" అంటే రొయ్యల రైతులు నష్టపోయారు. "నష్టాలను చవిచూశారు" అని పత్రికలు రాస్తుంటాయి, అదీ బాగుంది. అప్పు అయితే అప్పు చేయడం, లేదా అప్పులపాలవడం. చిన్న అప్పుకు మొదటిది, కొంప ముంచేదానికి రెండోది. ఇంగ్లీషు మాత్రం రెండిటికీ ఒకే ముఖంతో ఇన్‌కర్ అంటుంది, బాధ ఎంతో పైకి చెప్పదు.

జరిమానా పడుతుంది. పొగాకు బోర్డు ఒక్కో బ్యారన్‌కు (ఆకు ఆరబెట్టే కొట్టానికి) ఇంత అని పరిమాణం కట్టి అనుమతిస్తుంది. అంతకుమించి పండించి వేలం కేంద్రానికి తెస్తే అదనపు సరుకు మీద జరిమానా నిబంధన ఉంది. పంట దెబ్బతిన్న కొన్నేళ్లలో దాన్ని మాఫీ కూడా చేశారు. "గ్రోయర్స్ హూ ఎక్సీడ్ ది కోటా ఇన్‌కర్ ఎ పెనాల్టీ" అంటే, కోటా దాటిన రైతులకు జరిమానా పడుతుంది. టంగుటూరులోనో కొండపిలోనో వేలం దగ్గర నిలబడిన రైతు చెప్పేదీ ఇదే: "కోటా దాటితే జరిమానా పడుద్ది."

కోపం దగ్గరికి వస్తే తెలుగు ఇంకా రంగులు మారుస్తుంది. ర్యాత్, డిస్‌ప్లెజర్, యాంగర్ లాంటివి పక్కన ఉంటే ఆగ్రహానికి గురవడం, చీవాట్లు తినడం, కన్నెర్రకు కారణమవడం. అపకీర్తి అయితే మూటగట్టుకోవడం. ముప్పు అయితే కొని తెచ్చుకోవడం. అనర్హత అయితే వేటు పడటం. ఇలా అవడం, పడటం, పోవడం, తినడం, మూటగట్టుకోవడం అన్నీ కలిపితే ఒక ఇన్‌కర్. ఇంగ్లీషు మాట గొప్పదేమీ కాదు. తెలుగు పలుకుబడి ఇంత విడివిడిగా ఉండటం వల్లే మనకు ఇంగ్లీషులో ఆ ఒక్క మాట తట్టదు.

మంచి ఫలితాలకు మాత్రం ఇన్‌కర్ వాడకూడదు. "ది ఫర్మ్ ఇన్‌కర్డ్ ప్రాఫిట్" అని వార్షిక నివేదికల్లోనే చూశాను. లాభాన్ని ఎవరూ గుద్దుకోరు. లాభం, బహుమతి, మెచ్చుకోలు ఏవైనా ఎర్న్, గెయిన్, విన్ లాంటి క్రియలతో వస్తాయి. రోగానికీ ఇది నప్పదు.

మూడో మెట్టు: ఎప్పుడు పడిందో పట్టుకోండి

ఇక్కడ కాస్త నిదానంగా నడవాలి. వ్యాకరణం తప్పితే మార్కులు పోతాయి, ఇది తప్పితే డబ్బు పోతుంది.

ఇన్‌కర్ అంటే చెల్లించడం కాదు. బాధ్యత నెత్తిన పడిన క్షణమే ఇన్‌కర్ అయినట్టు. చెల్లింపు తరువాత ఎప్పుడో జరగొచ్చు, అసలు జరగకపోనూవచ్చు.

అల్లూరు వైపు ఇద్దరు కలిసి రొయ్యల గుంటలు లీజుకు తీసుకున్నారనుకుందాం. ఒకరు గుంటల దగ్గర ఉంటారు, ఇంకొకరు నెల్లూరులో ఉండి పెట్టుబడి చూసుకుంటారు. అర్ధరాత్రి కరెంటు పోయింది. నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోయాయి. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంటే రొయ్యలు పైకి తేలుతున్నాయి. గుంటల దగ్గరున్నాయన నెల్లూరుకు ఫోను చేశాడు, ఎత్తలేదు. ఇక ఆగకుండా పక్క ఊరి నుంచి డీజిల్ జనరేటర్ అద్దెకు తెప్పించాడు. డీజిల్ డబ్బు జేబులోంచి ఇచ్చాడు. జనరేటర్ అద్దె వారంలో ఇస్తానన్నాడు. తెల్లారాక రెండో భాగస్వామి "నన్నడక్కుండా ఎట్లా తెచ్చావు, అది నీ ఖర్చే" అన్నాడు.

1932 నాటి భారత భాగస్వామ్య చట్టంలో 13వ సెక్షన్ సరిగ్గా ఈ గొడవకే రాసినట్టు ఉంటుంది. ఒప్పందంలో వేరే విధంగా రాసుకోకపోతే, భాగస్వామి చేసిన "పేమెంట్స్ మేడ్ అండ్ లయబిలిటీస్ ఇన్‌కర్డ్" రెండిటినీ సంస్థే అతనికి పూడ్చాలంటుంది. మామూలు వ్యాపార వ్యవహారాల్లోనైనా సరే, అత్యవసర సమయంలో సంస్థను నష్టం నుంచి కాపాడటానికి చేసినదైనా సరే. అత్యవసరంలో చేసిన పనికి షరతు ఒకటుంది: ఇంగితం ఉన్న మనిషి తన సొంత వ్యవహారమైతే అదే పరిస్థితిలో ఏం చేసి ఉండేవాడో అలా చేసి ఉండాలి.

ఆ నాలుగు మాటల్ని మన గుంట గట్టు మీదకు తెచ్చి చూడండి. డీజిల్‌కు ఇచ్చిన డబ్బు పేమెంట్ మేడ్. ఇంకా ఇవ్వాల్సిన జనరేటర్ అద్దె లయబిలిటీ ఇన్‌కర్డ్. చట్టం రాసినవాళ్లు రెండు మాటలు ఊరికే వాడలేదు. పేమెంట్ ఒక్కటే రాసి ఉంటే, అద్దె కట్టేదాకా ఆయనకు అడిగే హక్కు లేదని రెండోవాడు వాదించేవాడు.

ఎన్నికల చట్టంలోనూ ఇదే తీరు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్ ప్రకారం, నామినేషన్ రోజు నుంచి ఫలితం ప్రకటించే రోజు దాకా అభ్యర్థి గానీ అతని ఎన్నికల ఏజెంటు గానీ "ఇన్‌కర్డ్ ఆర్ ఆథరైజ్డ్" చేసిన ఖర్చంతటికీ సరైన లెక్క రాయాలి. షామియానా అద్దె బాకీ పెట్టాం, ఇంకా కట్టలేదు కాబట్టి లెక్కలోకి రాదు అనడానికి వీల్లేదు. బాధ్యత పడింది, కాబట్టి ఖర్చయింది. పైగా ఆథరైజ్డ్ అనే మాట కూడా చేర్చడంతో, అభ్యర్థి సరేనని తల ఊపితే ఇంకెవరో పెట్టిన ఖర్చూ లెక్కకు వస్తుంది. 2022లో సవరించాక ఆంధ్రప్రదేశ్ లాంటి పెద్ద రాష్ట్రాల్లో ఈ ఖర్చుకు పెట్టిన పరిమితి అసెంబ్లీకి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క దాఖలు చేయాలి. నెల్లూరు సిటీలో పోటీ చేసినా దర్శిలో పోటీ చేసినా అదే గడువు. (ఊళ్లో జనం చెప్పుకునే అంకెలకూ ఆ 40 లక్షలకూ ఉన్న దూరం గురించి మాట్లాడటం ఈ వ్యాసం పని కాదు.)

ఆదాయపు పన్నులో ఇది ఇంకాస్త మెలిక తిరిగింది. 2026 మార్చి 31 దాకా అమల్లో ఉన్న 1961 చట్టం 43వ సెక్షన్‌లో పెయిడ్ అనే మాటకు ఇచ్చిన నిర్వచనం వింతగా ఉంటుంది: నిజంగా చెల్లించినది, లేదా ఆ వ్యాపారి పాటించే లెక్కల పద్ధతి ప్రకారం ఇన్‌కర్ అయినది. అంటే మర్కెంటైల్ పద్ధతిలో, డబ్బు చేతులు మారకముందే బాధ్యత పడగానే లెక్క రాసేవాడికి కట్టని బిల్లు కూడా కట్టినట్టే. ఇది వ్యాపారికి అనుకూలం. దీనికి కళ్లెం వేసేది 43బి సెక్షన్. కొన్ని రకాల ఖర్చులకు ఇన్‌కర్ అయితే చాలదు, నిజంగా కట్టాకే మినహాయింపు అంటుంది. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు ఇవ్వాల్సిన బాకీలను 2023 ఫైనాన్స్ చట్టంతో ఇందులో చేర్చారు. చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీ నడిపేవాడు తనకు సరుకు సరఫరా చేసే చిన్న తయారీ యూనిట్‌కు గడువులోపు డబ్బు ఇవ్వకపోతే, ఆ ఖర్చును నిజంగా కట్టిన ఏడాదిలోనే చూపించుకోగలడు. రాతపూర్వక ఒప్పందం లేకపోతే ఆ గడువు 15 రోజులు, ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజులు. ఇన్‌కర్ అయింది కదా అని ఆడిటర్ దగ్గర వాదించి లాభం లేదు. ఆ సెక్షన్ అడిగేది చెల్లింపునే.

బీమా కంపెనీలకు ఇన్‌కర్‌తో ఇంకో తంటా. 2021 నవంబరులో పెన్నాకు వచ్చిన వరద గుర్తుందా? కోవూరు దగ్గర హైవే కోసుకుపోయింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఆ నీళ్లలో ఎవరిదో వ్యాను మునిగిందనుకోండి. వ్యాను దెబ్బతిన్నది ఆ రోజే. యజమాని తేరుకుని క్లెయిమ్ పెట్టుకున్నది రెండు వారాల తర్వాత. ఆ మధ్యకాలంలో ఆ క్లెయిమ్ సంగతి కంపెనీకి తెలియదు. బాధ్యత మాత్రం దాని నెత్తిన అప్పటికే ఉంది. బీమా లెక్కల్లో దీన్ని "ఇన్‌కర్డ్ బట్ నాట్ రిపోర్టెడ్" అంటారు, దానికోసం ముందే కొంత డబ్బు పక్కన పెడతారు. ఆరోగ్య బీమా కొనేటప్పుడు ఏజెంటు చూపించే ఇన్‌కర్డ్ క్లెయిమ్ రేషియోలోనూ ఇదే ఇన్‌కర్డ్. వచ్చిన ప్రీమియంలో ఎంత భాగం క్లెయిమ్‌ల బాధ్యత కింద పోయిందో చెప్పే నిష్పత్తి అది. నూటికి ఎన్ని క్లెయిమ్‌లు ఇచ్చారు అనే లెక్క వేరు, దాని పేరు క్లెయిమ్ సెటిల్‌మెంట్ రేషియో. రెండూ ఒకటే అన్నట్టు చెప్పే ఏజెంట్లు ఉన్నారు, జాగ్రత్త.

చట్టాల భాషలో ఇన్‌కర్ బలం పూర్తిగా తెలియాలంటే 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 6వ సెక్షన్ చదవాలి. ఒక చట్టాన్ని రద్దు చేసినా, దాని కింద అప్పటికే "అక్వైర్డ్, అక్రూడ్ ఆర్ ఇన్‌కర్డ్" అయిన హక్కులు, బాధ్యతలు చెక్కుచెదరవని, రద్దు చట్టంలో వేరే ఉద్దేశం కనబడితే తప్ప, ఆ సెక్షన్ చెబుతుంది. హక్కులు మొదటి రెండు మాటలకు అతుకుతాయి, బాధ్యతలు ఇన్‌కర్డ్‌కు. 1961 ఆదాయపు పన్ను చట్టం స్థానంలో, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా 2025లో కొత్త చట్టం చేసినప్పుడు "పాతది పోయింది కాబట్టి పాత బాకీ కూడా పోయింది" అని ఎవరైనా సంబరపడి ఉంటే పొరపాటే. ఒకసారి పడిన బాధ్యత, దాన్ని పుట్టించిన చట్టం కంటే ఎక్కువ కాలం బతుకుతుంది.

నాలుగో మెట్టు: ఇప్పుడు మీరే రాయండి

ముందు స్పెల్లింగ్. మూల క్రియలో చివర ఆర్ ఒక్కటే. భూతకాలంలోనూ, ఐఎన్‌జీ చేర్చినప్పుడూ ఆర్ రెండు. నొక్కి పలికేది మాటలో రెండో భాగాన్ని (సిలబుల్‌ను) కాబట్టి ఆ రెట్టింపు. రిఫర్, అకర్‌లకూ ఇదే సూత్రం. ఆఫర్, సఫర్‌లలో నొక్కు మొదటి భాగం మీద కాబట్టి అక్కడ ఆర్ ఒక్కటే ఉంటుంది. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే అరడజను మాటల స్పెల్లింగ్ సరిపోతుంది.

క్రియకూ కర్మకూ మధ్య విభక్తి లాంటిదేమీ పెట్టకండి. "ఇన్‌కర్డ్ ఫర్ లాస్", "ఇన్‌కర్డ్ విత్ ఎక్స్‌పెండిచర్" తప్పులు. కర్మ తర్వాత దేని మీద ఖర్చయిందో చెప్పడానికి ఆన్, ఇన్, ఫర్ ఏదైనా రావచ్చు.

కర్మ స్థానంలో ఉత్త అంకె పెట్టడం మన ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించే లోపం. తండ్రికి నెల్లూరు పొగతోట పేటలో ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించిన ఒక కుర్ర ఉద్యోగి, మెడికల్ రీయింబర్స్‌మెంట్ దరఖాస్తు రాసి రిటైరైన మేనమామకు చూపించాడు.

"మామా, ఐ ఇన్‌కర్డ్ ఎయిటీ థౌజండ్ ఫర్ మై ఫాదర్స్ ఆపరేషన్ అని రాశా. సరిపోద్దా?"

"ఎనభై వేలు ఏందబ్బయ్యా? ఖర్చా, అప్పా, నష్టమా?"

"ఖర్చే కదా మామా, ఇంకేముంటది!"

"నీకు తెలుసు. ఆ కాగితానికి తెలవద్దా? ఎక్స్‌పెండిచర్ ఆఫ్ ఎయిటీ థౌజండ్ రుపీస్ అని పెట్టు. ఆసుపత్రోళ్లిచ్చిన ఎసెన్షియాలిటీ సర్టిఫికేట్లో అంకె, దీన్లో అంకె ఒకటేనా చూసుకో ముందు."

మామ చెప్పింది నూటికి నూరు పాళ్లు సరి. ఇన్‌కర్ తర్వాత ఏ రకం భారమో చెప్పే నామవాచకం రావాలి. అంకె దానికి తోక మాత్రమే.

ఆఫీసు కాగితాల్లో ఈ క్రియ ఎక్కువగా కర్మణి ప్రయోగంలో, అదీ నామవాచకం వెనక నక్కి కనిపిస్తుంది. "ది ఎక్స్‌పెండిచర్ ఇన్‌కర్డ్ బై ది అండర్‌సైన్డ్ మే కైండ్లీ బి రీయింబర్స్డ్." ఈ ఇన్‌కర్డ్ వాక్యానికి ప్రధాన క్రియ కాదు, ఎక్స్‌పెండిచర్‌కు విశేషణం. తెలుగులో "నాకు అయిన ఖర్చు" అన్నప్పటి "అయిన" లాంటిది. ఇది పట్టుకోకపోతే పెద్ద వాక్యంలో అసలు క్రియ ఎక్కడుందో వెతుక్కుంటూ ఉండిపోతారు.

కర్తగా మనిషో సంస్థో ఉండటం మామూలు. పనే కర్తగా ఉండే వాక్యాలు కూడా సరైనవే, బ్యాంకులకు అవంటే ఇష్టం: "లేట్ పేమెంట్ విల్ ఇన్‌కర్ పీనల్ చార్జెస్." ఆలస్యంగా కడితే అపరాధ రుసుము పడుతుంది. ఈ వాక్యం లోన్ కాగితంలో కనబడితే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఇచ్చిన ఆదేశం ప్రకారం ఇలాంటి అపరాధాన్ని వడ్డీ రేటుకు కలపకూడదు, విడిగా రుసుముగానే వేయాలి, దాన్ని అసలులో కలిపి మళ్లీ వడ్డీ లాగకూడదు.

అయిదో మెట్టు: పోలికలున్న మాటల్ని విడదీయండి

అకర్‌తో గందరగోళమే అన్నిటికంటే ఎక్కువ. అదీ కురెరే బిడ్డే, ధ్వని కూడా దగ్గరే. "ది కంపెనీ అకర్డ్ ఎ లాస్" అని రాసేస్తారు. అకర్ అకర్మక క్రియ, జరగడం అని మాత్రమే అర్థం. నష్టం అకర్ అవుతుంది, కంపెనీ నష్టాన్ని ఇన్‌కర్ చేస్తుంది. అనుమానం వస్తే క్రియ తర్వాత కర్మ ఉందా అని చూడండి. ఉంటే ఇన్‌కర్.

అక్రూ అంటే దానంతటదే పెరిగి పోగుపడటం. వడ్డీ అక్రూ అవుతుంది. అప్పును మనం ఇన్‌కర్ చేశాక, మనం నిద్రపోతున్నా పెరిగే భాగానికి ఈ క్రియ. సఫర్, సస్టెయిన్ దెబ్బలకూ గాయాలకూ బాగా నప్పుతాయి. వాటిలో అనుభవించిన బాధ మీద దృష్టి, ఇన్‌కర్‌లో బాధ్యత మీద దృష్టి. తుపానుకు ఇల్లు పడిపోయినవాడు నష్టాన్ని సఫర్ అయ్యాడంటేనే మర్యాదగా ఉంటుంది. ఇన్‌కర్ అంటే లెక్కల గుమాస్తా మాట్లాడినట్టుంటుంది. ఎన్‌టెయిల్ ఇంకో దారి: ఈ పని చేస్తే ఇది తప్పదు అని ముందే చెప్పేది. "ఈ ఉద్యోగంలో తిరుగుడు ఎక్కువ" అనాలంటే ఎన్‌టెయిల్ వాడాలి, ఇన్‌కర్ అక్కడ అతకదు.

మన ఆఫీసుల ఇంగ్లీషులో తరచూ కనిపించే మాట ఇంకోటి ఉంది, అట్రాక్ట్. "ఫెయిల్యూర్ టు కంప్లై అట్రాక్ట్స్ పెనాల్టీ." నేరం అయస్కాంతంలా జరిమానాను లాక్కుంటుందన్నమాట. ఇందులో కర్త ఎప్పుడూ తప్పే, తప్పు చేసినవాడు కాదు. సంజాయిషీ అడిగే షోకాజ్ నోటీసులో మనిషిని నేరుగా వేలెత్తి చూపాలంటే ఇన్‌కర్, మర్యాదగా పని మీదకు తోసేయాలంటే అట్రాక్ట్.

ఆఖరిగా కాస్త సాధన

ఈ నాలుగు తెలుగు వాక్యాల్ని ఇంగ్లీషులో పెట్టి చూడండి. ఎక్కడ ఇన్‌కర్ వస్తుందో, ఎక్కడ రాదో మీరే తేల్చుకోండి.

"సమావేశానికి ఆలస్యంగా వచ్చిన తహసీల్దారు కలెక్టరు ఆగ్రహానికి గురయ్యారు." ఇది సులువు: ఇన్‌కర్డ్ ది కలెక్టర్స్ డిస్‌ప్లెజర్. ర్యాత్ అంటే మరీ పురాణంలా ఉంటుంది.

"మిర్చికి పెట్టుబడి ఎకరాకు ఇంత అయింది." కాస్ట్స్ ఇన్‌కర్డ్ పర్ ఏకర్ అని నామవాచకంగా మలిస్తే నివేదికకు సరిపోతుంది.

"ఈసారి రొయ్యలు మంచి కౌంటుకు వచ్చాయి, బాగానే మిగిలింది." కౌంటు అంటే కిలోకు తూగే రొయ్యల లెక్క. ఇక్కడ ఇన్‌కర్‌కు చోటు లేదు. మిగిలింది లాభం.

"రొయ్యలకు వైట్ స్పాట్ తెగులు వచ్చి పంట ముందే పట్టేశాం, మేత బాకీ అట్లాగే ఉంది." ఇందులో రెండున్నాయి. పంట మీద నష్టం ఇన్‌కర్ అయింది. మేత డీలరుకు ఇవ్వాల్సిన బాకీ, సరుకు గట్టు మీద దించుకున్న రోజే ఇన్‌కర్ అయింది, వైట్ స్పాట్ వచ్చిన రోజున కాదు. రెండో దానికి భూతకాలం కంటే ఇంకా వెనకటి కాలం వాడాలి: హ్యాడ్ ఇన్‌కర్డ్.